బియ్యం డ్రమ్ములో పాస్‌పోర్టు

"ఈ పొద్దు గూడా షట్టరు తెరవకపోతే వాళ్లంతా నేరుగా మనింటికే వస్తారు రా ఫరాజూ. వచ్చి ఏం అడుగుతారో, ఏం చేస్తారో..."

వాడు కంచం ముందు కూర్చుని రొట్టె తుంచుతున్నాడు. తుంచిన ముక్కను మళ్లీ ముక్కలు చేస్తున్నాడు. నోట్లోకి ఒక్కటీ పోవడం లేదు.

"జరమేమన్నా వచ్చిందా? వాసన తెలుస్తాందా నీకు? ఈ పులుసు ఒక తూరి వాసన చూడు."

"తెలుస్తాంది మా."

"నాకోసరం చెప్తాండావా, నిజంగానే తెలుస్తాందా?"

"పులుసులో చింతపండు ఎక్కువయింది. చాలా?" అని లేచిపోయాడు.

చింతపండు నిజంగానే ఎక్కువైంది. వాసన తెలుస్తోందని ఒక పక్క ఊపిరి పీల్చుకున్నాను. మరి జ్వరం కాకపోతే ఇంకేమిటని మరో పక్క భయం పట్టుకుంది.

సంగతేమిటంటే, గల్ఫులో మేముండే బనియాస్‌లో రాజశేఖర్ సేటు మొబైల్ అంగడి మంగళవారం నుంచి మూసే ఉంది. బోర్డు మీద ఏమి రాసి ఉన్నా, మఫ్రఖ్ కూలీల క్యాంపుల్లో ఉండే మన తెలుగువాళ్లకు అది బ్యాంకు. జీతంలో ఇంటికి పంపగా మిగిలింది అక్కడ దాచుకునేవారు. ఎవరింట్లోనన్నా చావు జరిగినా, ఆసుపత్రి పాలైనా ఆయనే అప్పిచ్చేవాడు. ఒకసారి క్యాంపులో గుండె ఆగి పోయిన మనిషిని పెట్టెలో సొంతూరికి చేర్చే ఖర్చంతా ఆయనే పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయన మాట మీద ఎవరూ కాగితం అడగలేదు. ఈ ఏడు కరోనా వచ్చింది. కంపెనీలు పని ఆపేశాయి. ఊరికి విమానాలు మొదలవగానే అందరూ ఒకేసారి వెళ్లి మా డబ్బు మాకివ్వమన్నారు. ముందు వచ్చినవాళ్లకు ఇచ్చాడు. తర్వాత వచ్చినవాళ్లను ఆదివారం రమ్మన్నాడు. ఆదివారం టీ ఇప్పించి మంగళవారం రమ్మన్నాడు. మంగళవారం షట్టరు లేవలేదు. ఫోను మోగలేదు.

మా ఫరాజ్ ఆ అంగట్లోనే పని చేస్తాడు. సేటు కారు నడిపేదీ వాడే. వాడి వీసా ఆ అంగడి పేరు మీదిదే. నేను క్యాంపులకు క్యారియర్లు పంపే వంటమనిషిని. రాయచోటి నుంచి ఇక్కడికొచ్చి ఇన్నేళ్లైనా వంటిల్లు దాటి ఎరుగను. అయినా ఆ బ్యాంకు బరువు నా నెత్తి మీదా ఉంది. ఎందుకంటే సేటు పాస్‌పోర్టు నా దగ్గరే ఉంది.

అది పర్శరాములు పెట్టిన షరతు. జగిత్యాల వైపు మనిషి, ఇనుప కడ్డీలు కట్టే పని, క్యాంపులో అందరికన్నా పెద్దవాడు. ఇంకో క్యాంపులో చీటీలు నడిపినవాడెవడో రాత్రికి రాత్రి పారిపోయాడని తెలిసినప్పుడు సేటు ముందుకెళ్లి నిలబడి అడిగాడట.

"మా పాస్‌పోర్టులన్ని కంపెనీ బీరువల ఉన్నయి సేటూ. మమ్ముల పోనియ్యద్దని ఆళ్లు పెట్టుకున్నరు. మరి నిన్ను పోనియ్యద్దంటె నీది మేం పెట్టుకోవాలె గదా?"

సేటు పెద్దగా నవ్వి, సొరుగులోంచి తీసి వాళ్ల చేతికే ఇచ్చాడు. క్యాంపులో పెడితే బీరువాలు పగలగొడతారని నా దగ్గర పెట్టారు. "ఖాలమ్మకు రాత్రి నిద్ర పట్టది, పగటీలి భయం తీరది. ఆమె దగ్గరున్నది దొంగ గూడ ముట్టడు," అన్నారు. నవ్వులాటకే అన్నారు గానీ అది నిజం. ఉతికిన గుడ్డలో చుట్టి, కవరులో పెట్టి, బియ్యం డ్రమ్ములో అడుక్కు దించాను. చీమలు పడతాయని భయం, చెమ్మ తగులుతుందని భయం. చెయ్యి పెట్టి తడిమి చూసుకున్నాకే పక్క ఎక్కేదాన్ని.

సేటు సెలవు మీద ఊరికి పోయేటప్పుడు అందరి ఎదురుగానే వచ్చి తీసుకునేవాడు. తిరిగొచ్చిన రోజు విమానం దిగి నేరుగా మా గడపలోకే వచ్చేవాడు. ఒక చేతిలో స్వీటు డబ్బా, ఇంకో చేతిలో పాస్‌పోర్టు. "తీసుకో ఖాలమ్మా, నీ ఖైదీ అచ్చిండు," అనేవాడు. అట్లా ఎన్నిసార్లో. అందుకే మంగళవారం షట్టరు లేవకపోయినా క్యాంపులో ఎవరూ కేక పెట్టలేదు. పాస్‌పోర్టు ఖాలమ్మ దగ్గరుంది కదా అన్నారు. మనిషి ఎక్కడికి పోతాడు అన్నారు.

శుక్రవారం దాకా ఓపిక పట్టారు.

గేటు చప్పుడయ్యేసరికి పప్పు దించుతున్నాను. మాది ప్లైవుడ్డు గోడలతో గదులు గదులుగా కోసిన విల్లా. కిటికీలోంచి చూస్తే దాని ముంగిలి నిండా మనుషులు. మఫ్రఖ్ నుంచి ఆ ఎండలో నడిచే వచ్చారు. ముఖాలకు మాస్కులు చెమటకు తడిసి అంటుకుపోయి ఉన్నాయి.

నాకు ముందు గుర్తొచ్చింది పోలీసులు. గుంపు చేరితే జరిమానా వేస్తున్న రోజులివి.

"దూరం దూరం నిలబడండి నాయనా! బండి వచ్చిందంటే అందర్నీ ఎక్కిస్తారు. ఆ పైన ఎవరు యాడ ఉండారో అల్లాకే తెలియాల!"

"ఎక్కిచ్చినా మంచిదే ఖాలమ్మా. జైల్ల ఏసీ ఉంటదట, బువ్వ పెడ్తరట. మా క్యాంపుల రెండూ ఖలాస్," అన్నాడు భూమేశ్. నిజామాబాద్ పిల్లగాడు. వీసా కోసం ఏజెంటుకు కట్టిన అప్పు ఇంకా తీరలేదు. నవ్వుతూనే అన్నాడు గానీ కళ్లు నవ్వలేదు.

పర్శరాములు మెట్టు మీద కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"తిండికి రాలే ఖాలమ్మా. జర సేటు పాస్‌పోర్టు జూసి పోదామని అచ్చినం. అంతే."

నేను లోపలికి పోయి బియ్యంలో చెయ్యి పెట్టాను. మోచేతి దాకా ముంచాను. తగల్లేదు. నిన్న ఉందే! ఎవరు తీశారు? పక్క గది వాళ్లా? బయట అంతమంది కూర్చుని ఉండగా లేదని ఏ నోటితో చెప్పను? చెయ్యి భుజం దాకా దించితే అడుగున అంచుకు గుడ్డ తగిలింది. అక్కడే డ్రమ్మును పట్టుకుని కాసేపు నిలబడిపోయాను.

పాస్‌పోర్టు చేతులు మారింది. ఒకడు కాగితాన్ని బొటనవేలితో రుద్ది చూశాడు. ఇంకొకడు వెలుగుకు పట్టి చూశాడు.

"అసల్దేనా?"

"అసల్దే. గడువు గూడ ఇంక చానా ఉన్నది."

"ఫొటోల సేటు మీసం జూడరా, పెండ్లి పిల్లగాని లెక్క!"

"నీ పైసలు తిని పెంచిన మీసమది. మంచిగ జూస్కో."

ముంగిలి అంతా నవ్వింది. ఆ నవ్వు వినగానే నా ఒంట్లోకి ప్రాణం వచ్చింది. గోడ నీడన ఒక్కొక్కరే కూర్చున్నారు. టీ పెట్టి పోశాను. సేటు ఫుజైరా పోయి ఉంటాడని ఒకడన్నాడు. అక్కడ కంకర క్రషరు నడిపేవాడికి మన డబ్బు చాలా అప్పిచ్చాడట, అది వసూలు చేయడానికే పోయి ఉంటాడట. ఫోను సిగ్నలు అందని కొండలవి అని ఇంకొకడు సర్దిచెప్పాడు. నేను ఆ మాటను గట్టిగా పట్టుకున్నాను. అవును, ఫుజైరాయే. ఇంకెక్కడికి పోతాడు?

"పాస్‌పోర్టు లేనిది రెక్కలు కట్టుకోని ఎగురుతడా?" అన్నాడు భూమేశ్, గ్లాసు చప్పరిస్తూ.

ఒక్క పర్శరాములే టీ తాగలేదు. గ్లాసు మెట్టు మీద పెట్టి, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి తల ఎత్తాడు.

"భూమేశూ, మన అంజిబాబు ఎట్ల పోయిండురా?"

"ఏడికి?"

"ఇంటికి. మొన్న పోయిండు గదా. ఎట్ల పోయిండు?"

"విమానం మీదనే పోయిండు. నడుసుకుంట పోతడా?"

"పాస్‌పోర్టు ఉండెనా ఆనికి?"

"ఏడుండె! కంపెనీ ముదీర్ ఇయ్యకపాయె. ఔట్‌పాస్ తీస్కోని..."

భూమేశ్ మాట అక్కడే తెగిపోయింది. చేతిలో గ్లాసు వంగి టీ ఒలుకుతున్నా వాడికి తెలియలేదు.

ఔట్‌పాస్ అంటే ఇక్కడ తెలియనివాళ్లు లేరు. పాస్‌పోర్టు లేనివాళ్లు సొంత దేశం చేరడానికి ఎంబసీ ఇచ్చే కాగితం అది. ఒక్క ప్రయాణానికి పనికొస్తుంది. కంపెనీ పాస్‌పోర్టు దాచేసినా, పోగొట్టుకున్నా, అది పుచ్చుకుని పోవచ్చు. ఈ నెలల్లో మఫ్రఖ్ నుంచి వెళ్లినవాళ్లలో చాలామంది అట్లా పోయినవాళ్లే. వాళ్లకు దారిలో తినడానికి పులిహోర కట్టిచ్చింది నేనే. జేబులో ఆ కాగితం ఉందా లేదా అని గేటు దాటేదాకా అడిగి అడిగి విసిగించింది నేనే. అంతా తెలిసినదాన్ని. ముంగిట్లో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. అయినా సేటు కూడా అదే దారిన పోగలడని మాలో ఒక్కరికైనా తట్టలేదు. పాస్‌పోర్టు పట్టుకుంటే మనిషిని పట్టుకున్నట్టేనని కంపెనీలు మాకు నేర్పాయి. మేమూ అట్లాగే నమ్మాము.

"పాస్‌పోర్టు పోయిందని పోలీస్ స్టేషన్ల రాయించుకుంటె సరిపాయె," అన్నాడు పర్శరాములు మెల్లగా. "మనం దీన్ని పట్టుకోని కావలి గాస్తున్నం."

భూమేశ్ పాస్‌పోర్టును నేల మీదికి విసిరాడు. అది గోడకు తగిలి, ఆ మీసం ఫొటో పైకి తెరుచుకుని పడింది. దాన్ని తీసుకుందామని వంగానో లేదో, భూమేశ్ నన్ను దాటుకుని వంటింటి గుమ్మం వైపు చూశాడు.

వాళ్లొచ్చినప్పటి నుంచీ ఫరాజ్ అక్కడే నిలబడి ఉన్నాడు. పాస్‌పోర్టు అన్ని చేతులూ తిరిగినప్పుడు వాడు ఒక్కసారన్నా దాని వంక చూడలేదు. అది నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"మంగళారం పొద్దుగాల మా రూమోడు జూసిండు ఫరాజ్ భాయ్," అన్నాడు భూమేశ్. "దుకాణం కార్ల సూట్‌కేసు పెడుతున్నవట. సేటు ముందట సీట్ల కూసున్నడట. నేను నమ్మలే. గాడు తాగి జూసిండేమో అనుకున్న."

"సామాను అయ్యుంటాది!" అన్నాను. "అంగడిలో సామాను ఉండదా? ఫోన్లు, కవర్లు, ఛార్జర్లు... అవి సూట్‌కేసులో పెట్టకూడదా?"

"సామానుకు సీటు బెల్టు పెట్టుకోని సేటెందుకు పోతడు ఖాలమ్మా?"

"ఫుజైరాకే పోయి ఉంటాడు. ఇప్పుడే గదా మీరే అన్నారు ఫుజైరా అని!"

"నిన్ను అడుగలే. ఆనికి నోరు లేదా? తల్లి కొంగు ఎన్క ఎందుకు దాక్కున్నడు?"

"ఏయ్ భూమేశ్!" పర్శరాములు గద్దించాడు. "ఆమె చేతి తిండి తిని బతికినం మనం. మర్యాదగ మాట్లాడు."

భూమేశ్ పెద్దాయన వైపు తిరిగాడు. "మర్యాద తిని బతుకుతనా పెద్దయ్యా? ఏజెంటుగాడు మా నాయనను రోజూ ఇంటి ముందట నిలబెట్టి అడుగుతున్నడు. ఏం చెప్పాలె నేను? మా సేటు ఔట్‌పాస్ మీద పోయిండని చెప్పాల్నా?"

జనం లేచి నిలబడ్డారు. ముంగిలి ఒక్కసారిగా ఇరుకైపోయింది. నా కళ్ల ముందు ఏవేవో కదిలాయి. నా బిడ్డ చొక్కా పట్టుకుంటారు. కొడతారు. పోలీసులొస్తారు. వాడిని పట్టుకుపోతారు. అంగడి లేదు, వీసా లేదు, వీసాకు పూచీ పడి మాట సాయం చేసే కఫీల్ లేడు. ఏ జైలని వెతకను? ఎవరి కాళ్లు పట్టుకోను?

వెళ్లి ఫరాజ్ ముందు నిలబడ్డాను.

"ఒక్క మాట వినండయ్యా! మా దుడ్లు గూడా ఆయన దగ్గరే గదా ఉండేది! నేను ఇండ్లల్లో పని చేసినప్పటి నుంచి దాచుకున్నది. వాళ్ల నాయన పోయినాక పిల్లోడు సంపాయించింది. అంతా ఆడనే పెట్టినాం. మునిగితే మీతోపాటే మునిగినాం. వానికి తెలిసుంటే మాది మేము తెచ్చుకోమా? తెలిసి తెలిసి మా ఇల్లు మేమే కాల్చుకుంటామా?"

ఆ మాట పని చేసింది. వెనకనున్న ఒకరిద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "గదీ నిజమే," అని ఎవరో గొణిగారు. నాకు ధైర్యం వచ్చింది. వెనక్కి తిరిగి ఫరాజ్ తల మీద చెయ్యి పెట్టాను. జుట్టు చెమటకు తడిసి ముద్దయింది.

"నా బిడ్డ తల మీద చెయ్యి పెట్టి చెప్తాండా. అల్లా చూస్తాండాడు. వీనికి ఏమీ తెలీదు. తెలిసుంటే ఆ దినమే నాకు చెప్పి ఉంటాడు. నా దగ్గర ఏదీ దాచడు వీడు."

పర్శరాములు లేచి వచ్చాడు. ఫరాజ్ ఎదురుగా నిలబడి, మాస్కు గడ్డం కిందికి లాక్కున్నాడు. అంతసేపూ మాస్కు చాటున ఉన్న ఆ ముఖం అప్పుడే చూశాను. నెల కిందటి మనిషి కాదు. బుగ్గలు లోపలికి పోయాయి.

"ఎల్లుండి నా విమానం తమ్మీ," అన్నాడు. "ఇంటికాడ బోర్ల అప్పు తీరుద్దామని ఇన్నేండ్లు దాసిన. ఇప్పుడు ఒట్టి చేతులతోని దిగాలె. సేటు పోతె పోయిండు. ఆని మీద కోపానికి గూడ ఓపిక లేదు నాకు. నువ్వు ఒక్క మాట చెప్పు. సేటును ఎయిర్‌పోర్టుల నేను దింపలే అను. అంతే. నీ తల్లి ఒట్టు పెట్టింది, నువ్వు మాట చెప్పు, నమ్ముత. క్యాంపు మొత్తానికి నేనే చెప్త. ఇగ ఈ గడపకు ఒక్కడు రాడు. వచ్చినోని కాళ్లు నేనే ఇరగ్గొడ్త."

అంతకన్నా ఏం కావాలి? ఒక్క మాట. చిన్న మాట. నేను వాడి ముఖంలోకి చూశాను. చెప్పెయ్, బిడ్డా. చెప్పి బయటపడు. ఇంత సులువుగా ఎవరు వదులుతారు మనల్ని?

వాడు నోరు తెరవలేదు.

పొయ్యి మీద పులుసు అడుగంటిన వాసన వచ్చింది. పోయి కట్టేయాలనుకున్నాను గానీ కాలు కదల్లేదు. పై గదిలో ఎవరో బిడ్డకు జోలపాడుతున్నారు. ఫరాజ్ కనుగుడ్లు నేల మీద దేన్నో వెతుకుతున్నట్టు అటూ ఇటూ కదిలాయి. చిన్నప్పుడు జ్వరం వస్తే అట్లాగే నేల చూపులు చూసేవాడు. భూమేశ్ కూడా కదలకుండా నిలబడ్డాడు. పర్శరాములు ముఖం మీద ఉన్న ఆశ కొంచెం కొంచెంగా ఆరిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. ఆపడానికి నా దగ్గర ఇంకో మాట లేదు.

"ఫరాజూ," అన్నాను. "వాళ్లు అడుగుతాండారు నాయనా."

వాడు నా చేతిని తన తల మీదినుంచి తీసి కిందికి దించాడు. చాలా నెమ్మదిగా దించాడు. పర్శరాములు వైపు చూడలేదు. నన్నే చూశాడు.

"దింపినా మా. పోతాడని తెలిసే దింపినా. మన దుడ్లు మనకిచ్చేసినాడు. మనకొక్కళ్లకే."